పొద్దున హోమింగ్ బ్రహ్మాండంగా అవుతుంది, సాయంత్రం ఎక్స్ మధ్యలోనే ఆగిపోతుంది

చెక్కపొడి
రెండు వారాల నుంచి ఇదే గోల. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మూడో అంతస్తు, బాల్కనీలో పెట్టుకున్న చిన్న సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషిన్. బెడ్ 600 × 400 ఎంఎం. ఎక్స్, వై బెల్టు మీద, జెడ్ లీడ్‌స్క్రూ మీద. ఆర్డుయినో ఊనో బోర్డులో జీఆర్‌బీఎల్ 1.1 (మోటార్లని నడిపే ప్రోగ్రామ్), దాని మీద సీఎన్‌సీ షీల్డ్ (మోటార్లూ స్విచ్‌లూ తగిలించే బోర్డు). మూడు యాక్సిస్‌లకీ తలా ఒక మైక్రోస్విచ్, మూడూ ఎన్‌సీ వైరింగే (నొక్కనంతసేపూ సర్క్యూట్ కలిసి ఉంటుంది, నొక్కితే తెగుతుంది).

పొద్దున ఆన్ చేసి హోమింగ్ (మెషిన్ తన స్విచ్‌లు వెతికి తాకి, తానెక్కడుందో తెలుసుకోవడం) కొడితే ఎక్కడా పేచీ లేదు. గంటో రెండు గంటలో చెక్కాక సాయంత్రం మళ్ళీ కొడితే జెడ్ పైకి వెళ్ళి స్విచ్ తాకుతుంది, వై తన చోటికి చేరుతుంది, ఎక్స్ మాత్రం దారి మధ్యలో నిలబడిపోతుంది. ఆ తర్వాత అలారం. రీసెట్ చేసి రెండు మూడు సార్లు కొడితే ఒక్కోసారి అవుతుంది.

సాయంత్రం మా వైపు వోల్టేజ్ పడిపోతుంది, అదేనా? లేక మోటార్లకి కరెంటు ఇచ్చే ఏ4988 డ్రైవర్లు వేడెక్కుతున్నాయా? చెల్లెలి గృహప్రవేశానికి సిల్వర్ ఓక్ మీద నేమ్ బోర్డు చెక్కాలి. 12 రోజులే ఉంది. టెన్షన్‌గా ఉంది.

రంపం_రాజు
నాయిస్, పక్క వైర్ల నుంచి స్విచ్ వైరులోకి దూరే దొంగ సిగ్నల్. కళ్ళు మూసుకుని చెప్తా. జీఆర్‌బీఎల్‌లో $26 అనే సెట్టింగ్ ఇప్పుడు 250 ఉంటుంది, 500 చెయ్యి, పోతుంది.

అర్ధరాత్రి_రౌటర్
హోమింగ్ మానేసి, అలారం అన్‌లాక్ కొట్టి పని చేసుకో గురూ. నేను హోమింగ్ మొహం చూసి ఏడాది అయింది.

సుత్తి_సుజాత
అర్ధరాత్రి గారూ, ఆ సలహా నేనూ పాటించాను. పోయిన శ్రావణంలో పీట మీద కలశం చెక్కుతుంటే మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక అన్‌లాక్ కొట్టి, సున్నా కంటి అంచనాతో పెట్టి మళ్ళీ మొదలెట్టా. సగం కలశం ఒకటిన్నర ఎంఎం పక్కకి జరిగింది. మా అత్తగారు చూసి "నీడ కూడా చెక్కావా, బాగుందే" అన్నారు. హోమింగ్ ఉంటే ఈ బాధ లేదు. జీ54 ఆఫ్‌సెట్ (హోమ్ నుంచి మన పని సున్నా ఎంత దూరమో చెప్పేది) చిప్‌లోనే నిలిచి ఉంటుంది, కరెంటు పోయి వచ్చినా అదే సున్నాకి వస్తాం.

అర్ధరాత్రి_రౌటర్
నీడ ఫ్రీగా వచ్చింది కదా మేడమ్.

పీణ్య_మావయ్య
"అలారం వచ్చింది" అంటే "ఒంట్లో బాలేదు" అన్నట్టు. ఏ నంబరు? జీఆర్‌బీఎల్ నంబరు చెప్తుంది, మనమే చదవకుండా రీసెట్ నొక్కేస్తాం.

1 అయితే పని మధ్యలో హార్డ్ లిమిట్, అంటే చివరి స్విచ్, తగిలింది. 2 సాఫ్ట్ లిమిట్, అంటే సెట్టింగులో రాసిన హద్దు దాటబోయింది. 8 అంటే స్విచ్ తగిలాక వెనక్కి జరిగాను, అయినా స్విచ్ ఇంకా నొక్కే ఉందని. 9 అంటే వెతకాల్సినంత దూరం వెతికాను, స్విచ్ దొరకలేదని. 8కీ 9కీ పడమర తూర్పు అంత తేడా.

నాకు నాలుగు సంగతులు కావాలి. నంబరు ఎంత. ఎక్స్ ఆగే చోటు ప్రతిసారీ ఒకటేనా, వేరువేరా. హోమ్ ఏ మూల. సాయంత్రం హోమింగ్ కొట్టే ముందు ఎక్స్ ఎక్కడ ఉంటుంది. అప్పటిదాకా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు. పెద్ద మెషిన్లతో ఉద్యోగం నాది, సగం బ్రేక్‌డౌన్లు ఎవరో "ఒకసారి మార్చి చూద్దాం" అన్నాకే మొదలవుతాయి.

రంపం_రాజు
మావయ్యా, అది నన్నేనా?

పీణ్య_మావయ్య
పేరు పెట్టలేదుగా.

చెక్కపొడి
నిజమే, నంబరు చూడలేదు. ఇవాళ సాయంత్రం ఐదుసార్లు చేశా. నాలుగుసార్లు 8, ఒకసారి 9. ఆగే చోటు సరిగ్గా గమనించలేదు, రేపు చూస్తా. హోమ్ ముందు వైపు ఎడమ మూల, దాని దిక్కు చెప్పే $23=3. మిగతావి $24=25 (నెమ్మది వేగం), $25=500 (వెతికే వేగం), $26=250, $27=1 (వెనక్కి జరిగే దూరం).

సాయంత్రం అంటే, పని అయ్యాక చెక్క తీయడానికి ఎక్స్‌ని కుడి చివరకి పంపేస్తా. అక్కడి నుంచే హోమింగ్ కొడతా.

ఉదయగిరి_గరిటె
దొరికింది. నాకు అచ్చం ఇదే జరిగింది. హోమ్‌కి దగ్గర్లో ఉంటే అవుతుంది, దూరంగా ఉంటే అవదు. జీఆర్‌బీఎల్ స్విచ్ కోసం వెతికేది $130లో ఉన్న ఎక్స్ పొడుగుకి ఒకటిన్నర రెట్లే. ఆ డిఫాల్ట్ 200. అంటే 300 ఎంఎం వెళ్ళి చేతులెత్తేస్తుంది. నీ బెడ్ 600. పొద్దున ఎక్స్ ఎడమవైపే ఉండుంటుంది, అవునా?

చెక్కపొడి
అవును! రాత్రి కవర్ కప్పడానికి ఎడమ మూలకి తోసేస్తా. పొద్దున అక్కడి నుంచే మొదలు. కానీ $130 చూశా, 600 ఉంది. వై పొడుగు $131 కూడా 400 ఉంది.

ఉదయగిరి_గరిటె
ఛ. గెలిచాననుకున్నా.

కొండపల్లి_బొమ్మ
సగం గెలిచావులే. వోల్టేజీ, సాయంత్రం, వేడి అన్నీ ఎగిరిపోయాయి. తేడా టైముది కాదు, ఎక్కడి నుంచి బయల్దేరుతోంది అనేదానిది.

రంపం_రాజు
నేను ఇప్పటికీ నాయిసే అంటా. నాది ఇలాగే మధ్యలో ఆగేది. స్విచ్ వైర్లూ మోటార్ వైర్లూ ఒకే డ్రాగ్ చెయిన్‌లో (కదిలే వైర్లని మోసే ప్లాస్టిక్ గొలుసు) వెళ్తే ఇంతే. ఊనో లోపలి పుల్‌అప్ (పిన్‌ని 5 వోల్టుల దగ్గర నిలిపే రెసిస్టర్) 20 నుంచి 50 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది, అది ఏ మూలకీ చాలదు, చిన్న స్పైక్‌కే ఊగిపోతుంది. ప్రతి స్విచ్ పిన్‌కీ 5 వోల్టులకి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ వేశా. మళ్ళీ రాలేదు.

సుత్తి_సుజాత
హోమింగ్ టైములో రౌటర్ ఆఫ్‌లో ఉంటుంది కదా, నాయిస్ ఎక్కడి నుంచి?

రంపం_రాజు
స్టెప్పర్లు నడుస్తాయి కదా మేడమ్. డ్రైవర్ కరెంటుని ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంది, పక్క వైరుకి అది చాలు.

పీణ్య_మావయ్య
రాజు చెప్పిన రెసిస్టర్, కెపాసిటర్ సంగతి నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, అందరూ వేసుకోవాల్సిందే. కానీ $26 సంగతి తప్పు. అది వడపోత కాదు. స్విచ్ తగిలింది అని తేల్చుకున్నాక, వెనక్కి జరిగే ముందు ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో చెప్పే అంకె. స్విచ్ రేకు ఊగడం ఆగేందుకు పెట్టారు. వెళ్ళే దారిలో ఒక్క దొంగ సిగ్నల్ వచ్చినా ఆ యాక్సిస్ అక్కడే ఆగుతుంది, 250 పెట్టినా 5000 పెట్టినా.

ఇప్పుడు ఆ 8, 9 ఏం చెప్తున్నాయో చూడండి. దొంగ సిగ్నల్ నాయిస్ వల్ల అనుకుందాం. క్షణంలో వచ్చి పోతుంది. ఎక్స్ ఆగుతుంది. వై తన స్విచ్ తాకేదాకా ఎక్స్ అక్కడే నిలబడి ఉంటుంది. తర్వాత రెండూ $27 ప్రకారం 1 ఎంఎం వెనక్కి. చూస్తే ఎక్స్ పిన్ ప్రశాంతంగా ఉంది. సరే అని నెమ్మదిగా రెండోసారి ముందుకి. ఈసారి వెతికేది వెనక్కి జరిగినదానికి ఐదు రెట్లు, అంటే 5 ఎంఎం. అక్కడ స్విచ్ లేదు. వచ్చేది 9.

చెక్కపొడికి ఐదింట నాలుగు 8. అంటే 1 ఎంఎం వెనక్కి వచ్చాక కూడా స్విచ్ నొక్కే ఉందని పిన్ చెప్తోంది. బెడ్ మధ్యలో! స్పైక్ అంతసేపు నిలవదు. ఎన్‌సీ వైరింగ్‌లో "నొక్కి ఉంది" అంటే అర్థం ఒకటే, సర్క్యూట్ తెగి ఉంది.

కాబట్టి బాబూ, రేపు ఆగినప్పుడల్లా ఎక్స్ రైలు మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించు. గుర్తులు చెల్లాచెదురుగా ఉంటే రాజు గెలిచినట్టు. ఒకేచోట గుంపుగా ఉంటే మిగతాది తర్వాత చెప్తా.

రంపం_రాజు
పందెం ఏమిటి?

పీణ్య_మావయ్య
ఫిల్టర్ కాఫీ. మల్లేశ్వరంలో, నువ్వే ఇప్పించాలి.

అర్ధరాత్రి_రౌటర్
ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా వాస్తు అడగలేదు. హోమ్ మూల ఏ దిక్కు?

కొండపల్లి_బొమ్మ
నవ్వకండి కానీ నిజంగానే ఉంది. జీఆర్‌బీఎల్ డిఫాల్ట్‌గా హోమ్ వెతికేది కుడివైపు వెనక మూలలో. మ్యాపులా చూస్తే ఈశాన్యం. $23=3 పెట్టి నైరుతికి లాక్కొచ్చింది మనమే.

అర్ధరాత్రి_రౌటర్
చూశారా! దోషం అక్కడుంది. గృహప్రవేశం బోర్డు నైరుతి నుంచి చెక్కుతారా ఎవరైనా.

తడ_దాటినవాడు
చెన్నై వైపు నుంచి నా గోడు కూడా వినండి. తిరువాన్మియూర్‌లో ఇల్లు, సముద్రం నడిచేంత దూరం. మైక్రోస్విచ్ ఏడాది తిరక్కుండా లోపల తుప్పు పట్టి ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. విసుగొచ్చి రిచీ స్ట్రీట్‌లో ఎల్‌జే12ఏ3 ఇండక్టివ్ సెన్సార్లు (లోహం దగ్గరకి వస్తే తాకకుండానే పసిగట్టేవి) మూడు కొన్నా. కొత్త రోగాలు మొదలు.

మొదటిది, షీల్డ్ మీది 5 వోల్టులు ఇచ్చా. దాని ఒంటి మీద 6 నుంచి 36 అని రాసుంది, చదవలేదు. లైటు మినుకుమినుకుమనేది, ఒక రోజు పనిచేసేది, ఒక రోజు అలిగేది. 12 ఇచ్చాక కుదురుకుంది. రెండోది, నా గాంట్రీ (కదిలే అడ్డ దూలం) అల్యూమినియం. సెన్సార్ 4 ఎంఎం అంటారు కానీ అది ఇనుముకి. అల్యూమినియం దాదాపు తగిలేంత దగ్గరకి వస్తే గానీ చూడదు. ఒక స్టీలు బోల్టు బిగించి దాని తల చూపించా, అప్పుడు ఊరుకుంది. వద్దనడం లేదు, తుప్పు బెడద అయితే పోయింది.

ఉదయగిరి_గరిటె
సెన్సార్ సిగ్నల్ వచ్చే నలుపు వైరు నేరుగా ఊనోకి పెట్టావా? అది ఎన్‌పీఎన్ (సిగ్నల్‌ని గ్రౌండ్‌కి లాగే రకం) అయినా కొన్నింటిలో లోపలే 12కి పుల్‌అప్ ఉంటుంది. పిన్ కాలిపోతుంది.

తడ_దాటినవాడు
ఆప్టోకప్లర్ బోర్డు (సిగ్నల్‌ని కాంతితో దాటించి 12 వోల్టులు ఊనోకి చేరకుండా ఆపేది) మధ్యలో ఉంది. ఆ జ్ఞానం ఒక ఊనో పోయాకే వచ్చింది.

కొత్త_ఉలి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది కొత్త మెషిన్, ఇదే షీల్డ్. జెడ్ పైకి వెళ్తుంది, స్విచ్ తగులుతుంది, అయినా ఆగదు. పైన గుద్దుకుని టకటకటక అంటుంది, తర్వాత అలారం 9. స్విచ్ మార్చా, అదే. వైరింగ్ ఎన్‌ఓ, నొక్కితేనే సర్క్యూట్ కలిసేది.

ఉదయగిరి_గరిటె
వైరు షీల్డ్ మీద జెడ్ లిమిట్ అని అచ్చు వేసిన చోటే పెట్టావు కదూ? అందరం పడ్డ గుంటే అది. ఆ అచ్చు పాత వరస ప్రకారం ఉంది, అక్కడ ఉన్నది ఊనో డీ11 పిన్. స్పిండిల్ (చెక్కే మోటారు) వేగం మార్చే సదుపాయం వచ్చాక జీఆర్‌బీఎల్ డీ11ని స్పిండిల్‌కి ఇచ్చేసి, జెడ్ లిమిట్‌ని డీ12కి మార్చింది. షీల్డ్ మీద స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉన్న పిన్‌కి వైరు మార్చు.

పీణ్య_మావయ్య
గరిటె మాటే. ఇంకోటి, నీది ఎన్‌సీ అయ్యుంటే ఆ ఖాళీ పిన్‌ని "తెగి ఉంది" అని చదివి, జెడ్ లేవకముందే 8 కొట్టేది. మోటారుకి గుద్దుడు తప్పేది.

కొత్త_ఉలి
మార్చా. ఒక్క దెబ్బకి హోమ్ అయింది!! వారం రోజులు జెడ్ మోటారుని తిట్టుకున్నా పాపం.

చెక్కపొడి
టేపు పని చేశా. ఎనిమిదిసార్లు కుడి చివర నుంచి కొట్టా. రెండుసార్లు శుభ్రంగా హోమ్ అయింది. ఆరుసార్లు ఆగింది, ఆ ఆరు గుర్తులూ ఎడమ నుంచి 310కీ 340కీ మధ్యలోనే ఉన్నాయి. అన్నీ 3 సెంటీమీటర్లలో. చూస్తే ఒళ్ళు జలదరించింది.

సెండర్‌లో (మెషిన్‌కి కమాండ్లు పంపే ప్రోగ్రామ్) ప్రశ్న గుర్తు పంపి స్టేటస్ కూడా చూశా. స్విచ్ చేత్తో నొక్కితే పీఎన్ (నొక్కి ఉన్న పిన్‌ల జాబితా) పక్కన ఎక్స్ వస్తోంది, వదిలితే పోతోంది. స్విచ్ బాగానే ఉంది.

రంపం_రాజు
కాఫీ నాదే. ఒప్పుకుంటున్నా.

పీణ్య_మావయ్య
స్విచ్ ఎక్కడ బిగించావు? ఫ్రేముకా, కదిలే క్యారేజీకా?

చెక్కపొడి
క్యారేజీకి. వైరు డ్రాగ్ చెయిన్‌లోంచి వస్తుంది.

పీణ్య_మావయ్య
పవర్ పూర్తిగా తీసెయ్యి. ఎక్స్ స్విచ్ కనెక్టర్ షీల్డ్ నుంచి ఊడదీసి, ఆ రెండు వైర్లకి మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టు. ఎన్‌సీ కాబట్టి ఆగకుండా మోగుతూ ఉండాలి. ఇప్పుడు క్యారేజీని కుడి నుంచి ఎడమకి చేత్తో నెమ్మదిగా తొయ్యి. నెమ్మదిగా అంటే నిజంగా నెమ్మదిగా, వేగంగా తోస్తే మోటారు డైనమోలా తిరిగి డ్రైవర్‌లోకి కరెంటు తోస్తుంది. బీప్ ఎక్కడ ఆగుతుందో చెప్పు.

చెక్కపొడి
అబ్బ. 335 దగ్గర బీప్ ఆగింది. 312 దగ్గర మళ్ళీ మొదలైంది. అటూ ఇటూ పదిసార్లు తోశా, ప్రతిసారీ ఆ చుట్టుపక్కలే. మా ఆవిడ లోపలి నుంచి "కుక్కర్ టైమర్ మోగుతోందా" అంటోంది.

చెయిన్ విప్పి ఆ వంపులో వైరు వేళ్ళతో పట్టుకుని వంచితే బీప్ పోతోంది, వస్తోంది. పైన ప్లాస్టిక్ తొడుగు ఏమీ కాలేదు, లోపల తెగింది.

కొండపల్లి_బొమ్మ
ఏం వైరు అది?

చెక్కపొడి
చెప్పాలంటే సిగ్గుగా ఉంది. రెండు నెలల క్రితం వైర్లన్నీ చెయిన్‌లో సర్దినప్పుడు, ఇంటర్నెట్ పెట్టినవాళ్ళు వదిలేసి వెళ్ళిన లాన్ కేబుల్ వాడా. ఎనిమిది వైర్లు, జంటలుగా మెలేసి ఉన్నాయి, నాయిస్‌కి మంచిదనుకున్నా.

రంపం_రాజు
నాయిస్‌కి మంచిదే!

పీణ్య_మావయ్య
గోడల్లో వేసే లాన్ కేబుల్‌లో ఒక్కో వైరు ఒకే రాగి తీగ. గోడలో వందేళ్ళు ఉంటుంది, ఎందుకంటే అక్కడ కదలదు. చెయిన్‌లో రోజుకి కొన్ని వందలసార్లు ఒకే చోట వంగుతుంది. పేపర్ క్లిప్పు విరిచేవాడు ఏం చేస్తాడు? అటూ ఇటూ వంచుతాడు. అదే.

తెగిన రెండు కొసలూ తొడుగు లోపల ఎదురెదురుగానే ఉన్నాయి. చెయిన్ తిన్నగా ఉంటే ఒకదాన్నొకటి ఆనుకుని కరెంటు వెళ్తుంది. వంపు సరిగ్గా అక్కడికి వచ్చినప్పుడు విడిపోతుంది. పొద్దున ఎడమ మూల నుంచి బయల్దేరితే ఆ వంపు దాకా వెళ్ళే పనే లేదు, అందుకే బ్రహ్మాండం. సాయంత్రం కుడి నుంచి వస్తూ దాన్ని దాటాలి. ఒక్కోసారి 1 ఎంఎం వెనక్కి జరిగినప్పుడు కొసలు మళ్ళీ తగిలి ఉంటాయి, అప్పుడు నీకు 9 వచ్చింది.

సుత్తి_సుజాత
నాకొక అనుమానం. హోమింగ్ అప్పుడు అక్కడ తెగుతుంటే, చెక్కేటప్పుడు కూడా ఎక్స్ అదే చోటు దాటుతుంది కదా. పని మధ్యలో అలారం 1 రావాలి. ఎందుకు రాలేదు?

చెక్కపొడి
అంటే... వచ్చింది. మూడు వారాల కింద రెండుసార్లు. విసుగొచ్చి $21=0 చేసేశా. హార్డ్ లిమిట్ తీసేశాక రాలేదు.

సుత్తి_సుజాత
ఇది మొదటి పోస్టులో చెప్పాల్సిన మాట బాబూ!

పీణ్య_మావయ్య
చూశారా. మూడు వారాల కిందే మెషిన్ చెప్పింది. ఈయన దాని నోరు మూశాడు.

అర్ధరాత్రి_రౌటర్
అన్‌లాక్ కొట్టే నేనే నయం, కనీసం నోరు మూయలేదు.

తడ_దాటినవాడు
నా ఫ్రెండ్ ఒకడు "ఎన్‌సీ ఎందుకు, ఎన్‌ఓ పెట్టుకో, ఈ దొంగ అలారాలు ఉండవు" అంటాడు ఎప్పుడూ.

సుత్తి_సుజాత
ఉండవు, నిజమే. ఎన్‌ఓలో వైరు తెగితే మెషిన్‌కి తెలియనే తెలియదు. హాయిగా వెళ్ళి క్యారేజీ చివర గుద్దుకుని బెల్టు పళ్ళు జారాక మనకి తెలుస్తుంది. చెక్కపొడికి ఈ రెండు వారాల గోల ఎన్‌సీ చేసిన మేలే. మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

చెక్కపొడి
ఇప్పుడు ఏ వైరు కొనాలి? శనివారం ఎస్‌పీ రోడ్ వెళ్తా.

ఉదయగిరి_గరిటె
రెండు కోర్ల, షీల్డ్ (చుట్టూ లోహపు అల్లిక) ఉన్న మైక్ కేబుల్ అడుగు. పాటగాళ్ళు తొక్కి, లాగి, చుట్టి పారేసినా తట్టుకునేలా చేస్తారు, లోపల వెంట్రుకల్లాంటి సన్న తీగలు. మీటరు లెక్కన కోసి ఇస్తారు. ఆదివారానికి మాత్రం వాయిదా వెయ్యకు, చాలా షాపులు మూసి ఉంటాయి. మెట్రోలో చిక్కపేటె దిగి నడిచెయ్, కారు తీశావంటే పార్కింగ్ దొరికేలోపు గృహప్రవేశం అయిపోతుంది.

రంపం_రాజు
షీల్డ్‌ని షీల్డ్ బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్ చెయ్యి. స్విచ్ వైపు కోసి టేపు చుట్టెయ్, రెండు వైపులా కలపకు. (ఈ వాక్యంలో రెండు షీల్డ్‌లు ఉన్నాయి, ఏది ఏదో మీరే తేల్చుకోండి.) ఎలాగూ వెళ్తున్నావు కాబట్టి 4.7 కిలో రెసిస్టర్లు, 0.1 కెపాసిటర్లు కూడా తెచ్చుకో. పందెం ఓడినా సలహా వదలను.

పీణ్య_మావయ్య
రెండు మాటలు. చెయిన్‌లో వైరు బిగుతుగా లాగి పెట్టకు, లోపల కొంచెం వదులుగా జారేలా ఉండాలి. చెయిన్ రెండు కొసల దగ్గరా మాత్రం జిప్ టైతో కట్టెయ్, లేకపోతే లాగుడంతా సోల్డర్ మీద పడుతుంది. వంపు మరీ ఇరుకుగా ఉంటే చెయిన్ మార్చు, 10 ఎంఎం ఎత్తు బుజ్జి చెయిన్లలో ఏ కేబులూ బతకదు.

కొండపల్లి_బొమ్మ
మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ కూడా ఒకసారి తిరిగి రండి. సిల్వర్ ఓక్ కంటే అక్షరాలకి అంకుడు కర్ర ఎంత నునుపుగా వస్తుందో. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర, ఇక్కడ చన్నపట్నంవాళ్ళు ఆలె మర అనేది ఒకే చెట్టు. అంత వెడల్పు పలక దొరకడమే కష్టం.

ఉదయగిరి_గరిటె
ఇదిగో, టాపిక్ చెక్కలోకి దిగింది.

చెక్కపొడి
శనివారం మైక్ కేబుల్ తెచ్చా, రాత్రికి మూడు స్విచ్‌ల వైర్లూ మార్చేశా. రెసిస్టర్లూ కెపాసిటర్లూ చిన్న వెరో బోర్డు మీద వేశా. మల్టీమీటర్ పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకి తోస్తే బీప్ ఎక్కడా తెగలేదు. తర్వాత కుడి చివర నుంచి 30 సార్లు హోమింగ్. 30కి 30. $21 మళ్ళీ 1 చేశా మావయ్యా, తిట్టకండి.

ఒక్క చిన్న సంగతి. డయల్ గేజ్ పెట్టి చూస్తే వై హోమ్ ఒక్కోసారి 0.2 ఎంఎం తేడాతో ఆగుతోంది. ఎక్స్‌లో 0.05 లోపే ఉంది.

పీణ్య_మావయ్య
వై స్విచ్ రేకు కింద పొడి చేరిందేమో చూడు. బ్రష్‌తో దులుపు, గాలి కొట్టకు, పొడి స్విచ్ లోపలికి వెళ్తుంది. రేకు పొడుగుగా ఉంటే తిప్పి పెట్టి బటన్‌ని నేరుగా తగలనియ్యి. పొడుగు రేకు స్ప్రింగులా ఊగుతుంది. $24లో 25 బాగానే ఉంది, పెంచకు.

చెక్కపొడి
రేకు కింద ఎండీఎఫ్ పొడి పేడలా గట్టిపడి ఉంది. తీసేశా. 0.2 కాస్తా 0.04కి దిగింది.

కొత్త_ఉలి
నేనూ ఇవాళ నా చెయిన్ విప్పి చూశా. నాదీ లాన్ కేబులే. వారం కిందే వేశా. తీసేస్తున్నా.

రంపం_రాజు
మల్లేశ్వరం కాఫీ ఆదివారం పొద్దున 8కి. వచ్చేవాళ్ళు చెప్పండి, బిల్లు నాది ఒక్క మావయ్యకే.

సుత్తి_సుజాత
ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ బోర్డు చెక్కడం అయ్యాక ఫొటో పెట్టండి, అప్పుడు నమ్ముతా.

చెక్కపొడి
నిన్న రాత్రి అయింది. నాలుగున్నర గంటలు, మధ్యలో ఒకసారి కరెంటు కూడా పోయింది. వచ్చాక హోమింగ్ కొట్టి ఆగిన లైను దగ్గర నుంచి మళ్ళీ నడిపా. అతుకు ఎక్కడో నాకే కనిపించట్లేదు. నూనె పట్టించి ఆరాక ఫొటో పెడతా. సుజాత గారూ, నీడ రాలేదు.

సుత్తి_సుజాత
మా అత్తగారికి నచ్చదు అయితే.

చెక్కపొడి
ఇంకో 12 మీటర్ల లాన్ కేబుల్ మిగిలింది. ఎవరికైనా కావాలా?

అర్ధరాత్రి_రౌటర్
బాల్కనీలో దండెం కట్టు, బట్టలు ఆరేసుకో.

పీణ్య_మావయ్య
ఆరేసుకో. వంచకు.